18వ శతాబ్ది వెనిస్ చిత్రకారులు – పల్లె జీవనం

ఐరోపాలోని పెద్ద చిత్రశాలలలో 18వ శతాబ్ది ఇటాలియన్ చిత్రాలున్న గదులలో ఒక దృశ్యం పదే పదే కనిపిస్తుంది. ఒక నది, దానిపై పాత రాతివంతెన. ఒడ్డున ఆవులు నీరు త్రాగుతుంటాయి. బుట్ట చేతబట్టుకొన్న పల్లెపడుచు గుఱ్ఱంపైనున్న బాటసారితో మాట్లాడుతుంటుంది. ఒక బాలుడు గాలం వేసి కూర్చుంటాడు. దూరాన నీలికొండలు, కొండపై శిథిలమైన బురుజు, ఆకాశంలో గులాబివన్నె మబ్బులు. ఎవరికీ తొందర లేదు. ఎవరికీ ఆకలి ఉన్నట్లు లేదు.

చిత్రం మనోహరంగా ఉన్నదనడంలో సందేహం లేదు. కాని చరిత్ర చదివే విద్యార్థికి వెంటనే ఒక ప్రశ్న కలగాలి. ఆనాటి ఇటలీ పల్లె నిజంగా ఇట్లే ఉండినదా? ఉండకపోతే ఈ చిత్రకారులను అసత్యవాదులని త్రోసిపుచ్చవలెనా, లేక వీరి చిత్రాలను మరొక విధంగా చూడడం నేర్చుకోవలెనా? వెనిస్ గణతంత్రంలో పనిచేసిన కొందరు చిత్రకారులను ఆధారంగా తీసికొని ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా చిత్రకళలో పల్లెకు గల స్థానాన్ని గూర్చి కొంత చెప్పుకోవలసి ఉన్నది. ఐరోపా చిత్రకళాశాస్త్రం చిత్రాలకు కూడా అంతస్తులు ఏర్పరచినది. 1667లో ఫ్రాన్సు దేశపు విమర్శకుడు ఫెలిబియాన్ ఈ అంతస్తులను స్పష్టంగా వివరించినాడు. పురాణేతిహాస గాథలను, మహావీరుల చరిత్రలను చిత్రించడం ఉత్తమం. మానవ రూపచిత్రం దానికంటె తక్కువ. ప్రకృతి దృశ్యాలు, పండ్లు, పూలు ఇంకను క్రిందివి. ఈ లెక్కన చెట్టునీడన ఆవును మేపుకొనే మనిషి చిత్రంలో ఉండవలెనంటే ఏదో ఒక గొప్ప కథకు తోడుగా రావలసినదే. 17వ శతాబ్దిలో రోముననే జీవించిన ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ లొరైన్ ప్రకృతి దృశ్యానికి గొప్ప గౌరవం సంపాదించిపెట్టినాడు. అయితే అతని గొల్లలు ఆనాటి గొల్లలు కారు. లాటిన్ మహాకవి వర్జిల్ కావ్యాలలోని గొల్లలు.

ఈ గొల్లల మోజు చిత్రకారులకే పరిమితం కాలేదు. 1690లో రోమునగరంలో ‘ఆర్కేడియా’ అనే సాహిత్య పరిషత్తు ఏర్పడినది. ఆర్కేడియా అనగా కవులు ఊహించుకొన్న నిష్కల్మషమైన గొల్లసీమ. ఈ పరిషత్తులో చేరిన ప్రభువులు, మతాచార్యులు, పండితులు ఒక్కొక్కరు ఒక్కొక్క గొల్లపేరు పెట్టుకొని ఆ పేరుతోనే కవిత్వం చెప్పేవారు. ఉర్దూ కవుల తఖల్లుసు ఎరిగిన మన విద్యార్థులకు ఇది వింతగా తోచదు. వింత ఏమనగా, ఆ గొల్లపేరు ధరించినవారిలో గొఱ్ఱెను కాచినవాడు ఒక్కడైనా ఉండి ఉండడు.

ఇక వెనిస్. సముద్ర వ్యాపారంతో ఐశ్వర్యం గడించిన ఈ నగరానికి 16వ శతాబ్ది నుండి ఆ వ్యాపారం క్రమంగా సన్నగిల్లినది. ప్రభువంశాలవారు ఓడలపై పెట్టిన ధనాన్ని భూములపై పెట్టసాగినారు. పాడువా, వికెంజా, త్రెవీజో ప్రాంతాలలో విశాలమైన భూములు కొని, వాటి మధ్య ‘విల్లా’లనే సొగసైన భవనాలు కట్టించుకొన్నారు. ఎండకాలంలో ఒకసారి, పంటలు ఇంటికి వచ్చే కాలంలో ఒకసారి కుటుంబసమేతంగా అక్కడికి తరలిపోవడం మర్యాదగా మారినది. అప్పులు చేసియైనా పల్లెకు పోవలెనని ఆరాటపడే నగరవాసులను గోల్డోనీ అనే నాటకకర్త 1761లో మూడు ప్రహసనాలలో ఎగతాళి చేసినాడు. విల్లా గోడలకు చిత్రాలు కావలెను. కిటికీలోనుండి పల్లె కనిపిస్తూనే ఉన్నది గదా, గోడపై మరల పల్లె ఎందుకు అని అడుగవచ్చు. కిటికీలోని పల్లె, గోడపైని పల్లె ఒకటి కాకపోవడమే ఇందులోని కీలకం.

ఈ చిత్రణకు వెనిస్‌లో బాట వేసినవాడు మార్కో రిచ్చీ (1676–1730). ఆల్ప్స్ పర్వతాల పాదాన గల బెల్లూనో పట్టణం ఇతని జన్మస్థలం. సుప్రసిద్ధ చిత్రకారుడు సెబాస్తియానో రిచ్చీ ఇతనికి పినతండ్రి. యౌవనంలో తగవులాటలో ఒక పడవవానిని చంపి, సముద్రం దాటి డాల్మేషియా తీరానికి పారిపోయినాడనీ, అక్కడనే ప్రకృతి చిత్రణ అభ్యసించినాడనీ పాత జీవితచరిత్రలు చెబుతాయి. 1708లో లండన్ చేరి అక్కడి ఒపేరా రంగస్థలానికి తెరలు కూడా చిత్రించినాడు. జీవితం చివరి భాగంలో ఇతడు గుడ్డను వదలి మేకపిల్ల తోలుపై చిత్రించడం ప్రారంభించినాడు. నీటిలో కలిపే దట్టమైన రంగులు నూనె రంగుల వలె మెరయవు. ఆరిన తరువాత సున్నపు గోడపై ఎండపడినట్లు పొడిగా, తెల్లగా ఉంటాయి. ఈ చిన్న చిత్రాలలో రైతుఇంటి ముంగిళ్ళు, బట్టలుతికే స్త్రీలు, పశువులు, బండ్లు, గోడల నీడలు కనిపిస్తాయి. ఇక్కడి ఎండ నిజమైన ఎండ, మిట్టమధ్యాహ్నపు ఎండ. ముంగిలిలోని మనుష్యులు చాల చిన్నవారు. వారి ముఖాలు మనకు తెలియవు. కాని వారి చేతులలో పని ఉన్నది. ఈ విషయాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవలెనని నా మనవి; ముందు దీనితో పని పడుతుంది.

మార్కో రిచ్చీ మరణించిన కొద్దికాలానికే, సుమారు 1732లో, వెనిస్ చేరినవాడు ఫ్రాంచెస్కో జుక్కరెల్లి (1702–1788). వ్యాసారంభంలో నేను వర్ణించిన నది, వంతెన, ఆవులు, గులాబి మబ్బులు ప్రధానంగా ఇతని సొత్తు. ఇతడు వెనిస్‌వాడు కాడు. టస్కనీలోని పిటిల్యానో అనే ఊరివాడు, ఫ్లోరెన్సులోను రోములోను విద్య నేర్చినవాడు. ఇతని చిత్రాలలో తరచు ఒక పల్లెపడుచు నడుమునకో, భుజానికో ఎండిన సొరకాయ బుర్ర వేలాడుతుంటుంది. పొలం పోయేవారు నీటికి బుర్ర తీసికొనిపోవడం మన పల్లెలలోను ఉన్న ఆచారమే. కాని జుక్కరెల్లికి ఇది సంతకం కూడా. ఇటాలియన్ భాషలో ‘జుక్క’ అనగా సొర, గుమ్మడి జాతి కాయ. చిత్రకారుడు తన పేరును ఆ పడుచు నడుమున కట్టి పంపించినాడన్నమాట! దాహం తీర్చే వస్తువు చిత్రంలోనికి రాగానే శ్లేషగా మారిపోయినది. ఇతని కళాస్వభావం అంతయు ఈ ఒక్క బుర్రలో ఉన్నదని నాకు తోస్తుంది.

జుక్కరెల్లి చిత్రాలను నిదానంగా చూచినప్పుడు మరొక సంగతి తెలుస్తుంది. వీరు నడుస్తారు, కూర్చుంటారు, ముచ్చటిస్తారు, ఆవులను మళ్ళిస్తారు. దున్నేవాడు, మట్టిపెళ్ళలు పగులగొట్టేవాడు, మోపు మోసి వంగిపోయినవాడు కానరావడం అరుదు. దుస్తులు శుభ్రం, పాదాలు వట్టివైనను మట్టి అంటినవి కావు. పచ్చిక ఎవరిదో, ఆవు ఎవరిదో, సాయంకాలం ఈ పడుచు ఏ యింటికి పోతుందో చిత్రం చెప్పదు. కౌలు అనేది లేని లోకమది.

ఇట్టి లోకానికి ఇంగ్లండులో లభించిన ఆదరణ అసామాన్యం. వెనిస్‌లో ఇంగ్లీషు వ్యాపారియై 1744లో కాన్సల్ పదవి పొందిన జోసెఫ్ స్మిత్ జుక్కరెల్లికి ముఖ్య పోషకుడు. 1762లో స్మిత్ తన గ్రంథాలను, చిత్రాలను, ఇతర సేకరణలను 20,000 పౌన్లకు మూడవ జార్జి రాజుకు విక్రయించినాడు. మార్కో రిచ్చీ తోలు చిత్రాలు, జుక్కరెల్లి దృశ్యాలు పెక్కు బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో చేరినది ఆ విధంగానే. జుక్కరెల్లి స్వయంగా 1752 నుండి 1762 వరకు, మరల 1765 నుండి 1771 వరకు ఇంగ్లండులో ఉన్నాడు. 1768లో రాయల్ అకాడమీ స్థాపితమైనప్పుడు స్థాపక సభ్యులలో ఒకడైనాడు. ఆనాడే ఇంగ్లండులో పార్లమెంటు చట్టాల ద్వారా ఊరుమ్మడి పచ్చికబయళ్ళు కంచెలలోనికి పోయి పెద్ద భూస్వాముల పరమవుతున్నవి. కంచె లేని పచ్చికను గోడపై వ్రేలాడదీసికొన్నవారిలో కంచె వేసిన ప్రభువులును ఉండిరి. ఇది విచిత్రమనుకోనక్కరలేదు, మనిషి తాను పోగొట్టినదానినే బొమ్మగా దాచుకొనడం కద్దు.

ఈ సంప్రదాయం మన దేశానికి వచ్చిన దారి కూడా ఒకటి కలదు. రిచర్డ్ విల్సన్ అనే వేల్సు దేశీయుడు రూపచిత్రకారుడుగా వెనిస్ వచ్చి, 1751 ప్రాంతంలో జుక్కరెల్లి చిత్తరువు వ్రాసినాడు. ప్రకృతి చిత్రణకు మళ్ళుమని జుక్కరెల్లి అతనిని ప్రోత్సహించినాడు. విల్సన్ అట్లే చేసి ఇంగ్లీషు ప్రకృతి చిత్రణకు పితామహుడనిపించుకొన్నాడు. అతని శిష్యుడు విలియం హాడ్జెస్ 1780లో మద్రాసులో దిగి 1783 వరకు ఇండియాలో సంచరించి, గంగాతీరాన్ని, ఆగ్రాను, కాశీని చిత్రించినాడు. అతని వెనుక వచ్చిన డేనియల్‌లు దేశమంతటా తిరిగినారు. ఒక ప్రక్క పెద్ద చెట్టు, మధ్య నీరు, దూరాన శిథిల కట్టడం, ముందు భాగంలో కడవ ఎత్తుకొన్న స్త్రీ – ఈ అమరిక మన కేలండర్లలో సైతం కనిపించినప్పుడు, దాని పూర్వులలో ఒకడు నడుమున సొరబుర్ర కట్టించిన ఇటాలియన్ అని తలచుకొనవచ్చు.

జుక్కరెల్లి లండన్‌లో ఉండగా వెనిస్‌లో అతని బాణీని సాగించినవాడు జుసెప్పె జాయిస్ (1709–1781). ఇతడు కూడా బెల్లూనో కొండసీమవాడే. ఇతని కుంచె కొంత మోటు. చెట్లు గాలికి చెదరి ఉంటాయి, కొండలు నిజంగా ఎక్కవలసిన కొండల వలె ఉంటాయి. నాకు జుక్కరెల్లికంటె ఇతడే ఇష్టుడు. 1774లో అకాడమీ సభ్యత్వం లభించినను ఇతనికి కలిమి కలుగలేదు. సుఖంగా కూర్చున్న గొల్లవారిని జీవితమంతా చిత్రించిన ఈ మనిషి చివరకు త్రెవీజో పట్టణంలోని ఆస్పత్రిలో పేదవాడుగా కన్నుమూసినాడు.

ఇక చిత్రంలో లేని పల్లెను చూతము. అమెరికా ఖండం నుండి 16వ శతాబ్దిలో వచ్చిన మొక్కజొన్న వెనిస్ భూములలో త్వరగా వ్యాపించినది. గోధుమ కౌలుక్రింద భూస్వామికిని, సంతకును పోయేది. రైతు కుటుంబానికి మిగిలినది మొక్కజొన్నపిండితో వండిన ‘పొలెంటా’, అనగా మన సంకటి వంటిది. ఉదయం అదే, రాత్రి అదే. చలికాలమంతా కూరగాని మాంసంగాని పాలుగాని లేక అదే. వసంతంలో ఎండ తగులగానే చేతులు, మెడ, పాదాలు ఎఱ్ఱగా కమిలి పొరలుగా ఊడేవి. తరువాత విరేచనాలు, చివరకు మతిభ్రమణం, మరణం. మిలాన్‌లో ఫ్రపొల్లి అనే వైద్యుడు 1771లో ప్రకటించిన గ్రంథంలో ఈ వ్యాధిని ప్రజలు పిలిచే పేరుతోనే, ‘పెల్లాగ్రా’ అని, పేర్కొన్నాడు. గరుకు చర్మమని అర్థం. అమెరికా ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి తినేవారు గనుక వారికి ఈ బాధ లేదు. ఐరోపావారు గింజను తెచ్చుకొన్నారుగాని వండే విధం తెచ్చుకొనలేదు. నియాసిన్ అనే విటమిన్ లోపమే దీనికి మూలమని తేలడానికి 1937 వరకు ఆగవలసి వచ్చినది. ఈ వ్యాధి మనకు దూరపుది కాదు. దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానాహారంగా గల పేదలలో పెల్లాగ్రాను హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా పరిశోధించి 1960లో తమ ఫలితాలను ప్రకటించినారు.

ఈ సంగతి తెలిసిన తరువాత జుక్కరెల్లి పడుచు ఎఱ్ఱని బుగ్గలను చూచుట కష్టమే. అయినను అతనిని అసత్యవాది అనడానికి నేను ఒప్పుకొనను. పల్లె ఇట్లున్నదని అతడు ఎన్నడును ప్రమాణం చేయలేదు. ఆర్కేడియా అనేది కొనేవానికి, అమ్మేవానికి మధ్య తెలిసి చేసికొన్న ఒప్పందం. దానిని చరిత్రకు సాక్ష్యంగా కోర్టులో నిలబెట్టినప్పుడే అసత్యం పుడుతుంది. ఆ తప్పు నిలబెట్టినవానిది. కాని ఒక్క మాట. ఒప్పందంలో మూడవ పక్షం ఒకటి ఉన్నది, చిత్రంలోని మనిషి. అతని సమ్మతి ఎవరును అడుగలేదు.

అడిగినట్లు తోచే చిత్రకారులు ఆ శతాబ్దిలో ఇద్దరున్నారు. ఒకడు, వెనిస్ ఏలుబడిలోని బ్రెషా పట్టణంలో పనిచేసిన జాకొమో చెరూతి (1698–1767). బిచ్చగాండ్రను, చాకలిస్త్రీని, లేసు అల్లే బాలికలను, చెప్పులు కుట్టేవారిని పెద్ద గుడ్డలపై, ప్రభువులకు తగిన పరిమాణంలో చిత్రించినందున ఇతనికి ‘బిచ్చగాండ్ర చిత్రకారుడు’ అనే అర్థంలో ‘పిటొక్కెట్టో’ అనే పేరు వచ్చినది. ఇతని చాకలిస్త్రీ తొట్టిపై చేతులుంచి సూటిగా మనవంక చూస్తుంది. ఆ చూపును తప్పించుకొనడం సులభం కాదు. లోకం ఇతనిని చిరకాలం మరచి, 20వ శతాబ్దిలో, ముఖ్యంగా 1953 నాటి మిలాన్ ప్రదర్శన తరువాత, మరల గుర్తించినది. కాని చెరూతి చిత్రాలలో పల్లె తక్కువ, మనిషి ఎక్కువ; మన విషయానికి రెండవవాడే ముఖ్యుడు.

అతడు జాన్ దొమెనికో తియెపొలో (1727–1804). తండ్రి జాన్ బత్తిస్తా తియెపొలో ఆ శతాబ్దిలో ఇటలీకి అగ్రచిత్రకారుడు. 1757లో వికెంజా పట్టణం వెలుపల కౌంట్ జుస్తీనో వల్మరానా తన విల్లాకు చిత్రాలు వేయుమని తండ్రీకొడుకులను పిలిపించినాడు. పెద్ద భవనంలో తండ్రి హోమర్, వర్జిల్, అరియోస్తో, తాస్సో కావ్యాల నుండి వీరులను, దేవతలను చిత్రించినాడు. ప్రక్కనున్న అతిథిగృహం చాలవరకు కొడుకు వంతుకు వచ్చినది. ఆ గృహంలో ఒక గదికి అతడు ఎన్నుకొన్న విషయం రైతులు.

తడి సున్నపు పూతపై రంగు వేసే పద్ధతి ఇది. పూత ఆరకమునుపే ఆనాటి భాగం ముగించవలెను గనుక తటపటాయింపునకు తావులేదు. జాన్ దొమెనికో ఆ గోడలపై జుక్కరెల్లి నదిని, బురుజును, గులాబి మబ్బులను అన్నిటిని తీసివేసినాడు. మిగిలినది వెలవెలబోయిన విశాలమైన ఆకాశం, తక్కువ ఎత్తున నేల, మనుష్యులు. ఆరుబయట భోజనం చేస్తున్న కుటుంబం ఒకచోట. విశ్రమిస్తున్న రైతులు ఒకచోట. గ్రుడ్ల బుట్టతో ఒక ముదుసలి. కొందరు స్త్రీలు మనకు వీపు చూపి నడిచిపోతుంటారు. ఆర్కేడియా గొల్లకన్య ఎన్నడును వీపు చూపదు, ఆమె ఉన్నదే మనము చూచుటకు. వీరికి మనతో పని లేదు. ఆ ముదుసలి గ్రుడ్లు అమ్ముడుపోతే ఉప్పు కొనవలెను కాబోలు; ఆమె ముఖంలో చిత్రకారుని మెప్పించవలెననే ఆలోచన ఎక్కడను లేదు. ఆ కాలంలోనే ఆగ్రాలో నజీర్ అక్బరాబాదీ రొట్టెను గూర్చి, బజారును గూర్చి, సామాన్య మానవుని గూర్చి కవిత్వం చెప్పుచుండిన సంగతి మన ఉర్దూ విద్యార్థులు ఇక్కడ స్మరింతురుగాక.

అయినను ఇది ప్రభువుగారి అతిథుల గది. ఆ అతిథులు ఈ రైతులను ఎట్లు చూచినారో, నవ్వుకొన్నారో, తలదించుకొన్నారో గోడ చెప్పదు. ఆ గదిలో పెల్లాగ్రా కూడా లేదు. జాన్ దొమెనికోను విప్లవకారుని చేయడం పొరపాటు. అతడు చేసినది ఒకటే: పల్లెవారిని తమ పనిలో, తమ తిండిలో, తమ అలసటలో వదలిపెట్టి తాను ప్రక్కకు తొలగినాడు.

1786 సెప్టెంబరులో జర్మన్ మహాకవి గోథే ఈ విల్లాను చూచినాడు. అంతయు ఒకే తియెపొలో పని అనుకొని, ఇతనికి ఉన్నతశైలికంటె సహజశైలియే బాగుగా పట్టుబడినదని తన దినచర్యలో వ్రాసికొన్నాడు. ఒకప్పుడు ఐరోపా అంతటా మారుమ్రోగిన కీర్తి తండ్రిది. గోథే మెచ్చినది, తెలియకనే, కొడుకును. అదే ప్రయాణంలో ఆల్ప్స్ దిగి వచ్చేటప్పుడు దారిలోని పల్లెస్త్రీల పాలిపోయిన ముఖాలను, బిడ్డల దైన్యాన్ని చూచి, కారణం మొక్కజొన్న సంకటి అయి ఉండునని ఊహించినవాడు కూడా ఈ గోథేయే. కారణాన్ని అతడు వివరించిన తీరు సరి కాకపోయినను, చూపు సరియైన పళ్ళెంపైననే పడినది.

జాన్ దొమెనికో వృద్ధాప్యంలో జియానిగో గ్రామంలోని తన స్వంత విల్లాకు చేరినాడు. అక్కడ కొనేవాడు లేడు, ఆజ్ఞాపించేవాడు లేడు. 1791లో ఒక గోడపై అతడు ‘నూతన లోకం’ అనే పేరుతో పిలువబడే చిత్రం వేసినాడు. మన జాతరలలో పిల్లలు కన్ను ఆనించి చూచే బొమ్మల పెట్టె వంటిదాని ముందు జనం గుమిగూడి ఉన్నారు. పల్లెవారు, పట్టణంవారు, స్త్రీలు, బిడ్డలు, దాదాపు అందరును మనకు వీపు చూపుతూ నిలిచినారు. పెట్టెలో వారు ఏమి చూస్తున్నారో మనకు తెలియదు. ఆరు సంవత్సరాల తరువాత, 1797లో, నెపోలియన్ సేనల ముందు వెనిస్ గణతంత్రం అంతరించినది. ఆ చిత్రాన్ని తరువాత గోడనుండి ఊడదీసి వెనిస్‌లోని కా రెజ్జోనికో మ్యూజియంలో నిలిపినారు. గుంపులో కుడివైపున ప్రక్కముఖంతో కనిపించే ఇద్దరు తియెపొలో తండ్రీకొడుకులని అంటారు. వారు పెట్టెవంక చూడడంలేదు; చూచేవారిని చూస్తున్నారు.